కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ పేజీలు ఎందుకు మొరాయిస్తాయి?

ఆదోని మిత్రుడి ప్రశ్న క్లుప్తంగా ఇది. పత్తి మార్కెట్ దగ్గర ఆన్‌లైన్ సేవల దుకాణం. నాలుగు కంప్యూటర్లు, వంద ఎంబీపీఎస్ ఫైబర్ కనెక్షన్. స్పీడ్ టెస్టులో వంద నిండుగా కనిపిస్తుంది. అయినా కొన్ని సైట్లు ముక్కలు ముక్కలుగా తెరుచుకుంటాయి, కొన్ని మాత్రం వెంటనే వస్తాయి. డిజిటల్ సంతకం పెట్టే సాఫ్ట్‌వేర్ అయితే ప్రతిసారీ ఇరవై సెకన్లకు పైగా కదలదు. ఫోను హాట్‌స్పాట్ పెడితే అన్నీ సవ్యంగా నడుస్తాయి. కనెక్షన్ ఇచ్చినవారు తమ వైపు లోపం లేదంటున్నారు. కొత్త రూటర్ కొనాలా, కనెక్షనే మార్చాలా? చివర్లో ఒక మాట: "మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చిన రోజు ఈ బాధ ఎక్కువ."

కొనవద్దు, మార్చవద్దు. మీ ఇంటర్నెట్ వేగం బాగానే ఉంది. మీ కంప్యూటర్లలో ఐపీవీ6 దారి, అంటే ఇంటర్నెట్ కొత్త చిరునామాల పద్ధతి దారి, సగం చచ్చి ఉంది. మీరు పోతూ పోతూ రాసిన ఆ కరెంటు వాక్యమే అసలు ఆధారం. మీ రూటర్ నేరుగా గోడ ప్లగ్గులో ఉండి, కంప్యూటర్లూ, వాటిని కలిపే నెట్‌వర్క్ స్విచ్చూ యూపీఎస్ మీద ఉండి ఉంటాయని నా అనుమానం. అదే నిజమైతే రూటర్‌ను కూడా యూపీఎస్ మీదకు మార్చండి, కంప్యూటర్లను ఒకసారి రీస్టార్ట్ చేయండి. ఖర్చు ఒక ఎక్స్‌టెన్షన్ బాక్సు.

నేను కర్నూలులో పదిహేడేళ్లుగా ఆఫీసులకు, కాలేజీలకు, దుకాణాలకు నెట్‌వర్కులు వేస్తున్నాను. ఈ రకం ఫిర్యాదు వచ్చినప్పుడల్లా జనం ముందు వేగాన్నే అనుమానిస్తారు, ఎక్కువ ఎంబీపీఎస్ ప్లాను తీసుకుంటారు, రోగం అలాగే ఉంటుంది. కాబట్టి కారణం కొంచెం వివరంగా చెబుతాను.

ఇంటర్నెట్‌లో ప్రతి యంత్రానికీ ఒక చిరునామా ఉండాలి. పాత పద్ధతి ఐపీవీ4లో ఉన్నవి మొత్తం 430 కోట్ల లోపే. అంతర్జాతీయంగా వాటిని పంచే సంస్థ దగ్గర చివరి నిల్వ 2011 ఫిబ్రవరిలో అయిపోయింది. ఆసియా, పసిఫిక్ ప్రాంతానికి అదే ఏడాది ఏప్రిల్ నుంచి రేషన్ మొదలైంది. దానికి బదులు వచ్చిందే 128 బిట్ల ఐపీవీ6. పాతదాన్ని ఒక్కసారిగా తీసేయలేరు కాబట్టి ఇప్పుడు చాలా కనెక్షన్లలో రెండూ పక్కపక్కనే నడుస్తుంటాయి. పెద్ద సైట్లలో చాలావాటికి రెండు చిరునామాలూ ఉంటాయి, చిన్న సైట్లకు తరచుగా పాతదొక్కటే ఉంటుంది. మీకు కొన్ని సైట్లు ఆగడం, కొన్ని ఆగకపోవడం అందుకే. ఆగకుండా వస్తున్నవి ఎక్కువగా పాత చిరునామా ఒక్కటే ఉన్నవై ఉంటాయి.

రెండూ ఉన్నప్పుడు కంప్యూటర్ సాధారణంగా ముందు ఐపీవీ6నే పట్టుకుంటుంది. అది ప్రమాణాల్లో రాసిపెట్టిన నియమం. ఆ దారి బాగుంటే సరే. అసలు లేకపోయినా సరే, క్షణంలో పాతదానికి మళ్లుతుంది. చిక్కంతా ఉన్నట్టే ఉండి పనిచేయనప్పుడు. మీరు ఎవరికైనా ఫోను చేస్తే "స్విచ్ఛాఫ్ చేసి ఉంది" అని వినిపించిందనుకోండి, వెంటనే పెట్టేసి రెండో నంబరు కలుపుతారు. రింగు పోతూనే ఉండి ఎవరూ ఎత్తకపోతే? తెగేదాకా చెవి దగ్గర పెట్టుకునే నిలబడతారు. పగిలిన ఐపీవీ6 ఆ రెండో రకం. కాదు అని కూడా చెప్పదు.

ఎంతసేపు నిలబడాలన్నది సాఫ్ట్‌వేర్ ఓపికను బట్టి ఉంటుంది. విండోస్ పాత లెక్క ఇది: మొదటి పిలుపుకు 3 సెకన్లు ఆగుతుంది, రెండోదానికి 6, మూడోదానికి 12. మొత్తం 21. మీ సంతకం సాఫ్ట్‌వేర్ ఇరవైకి పైగా సెకన్లు తీసుకుంటోంది అనగానే నాకు తట్టింది ఈ 21 అంకే. లైనక్స్ యంత్రాలకు ఓపిక మరీ ఎక్కువ. వాటి పాత లెక్కలో 1, 2, 4 అంటూ రెట్టింపు చేసుకుంటూ 64 దాకా వెళ్తాయి, కూడితే 127 సెకన్లు, అంటే రెండు నిమిషాలకు పైనే.

బ్రౌజర్లు ఇంత అమాయకంగా ఉండవు. 2012లో ఒక పద్ధతిని ప్రమాణంగా రాశారు, 2017లో మెరుగుపరిచారు. దాని ప్రకారం బ్రౌజర్ ముందు ఐపీవీ6ను పిలుస్తుంది, పావు సెకను అటూ ఇటుగా చూస్తుంది, జవాబు లేకపోతే మొదటిదాన్ని వదలకుండానే ఐపీవీ4ను కూడా పిలుస్తుంది, ముందు పలికిన దానితో మాట్లాడుతుంది. అందుకే మీకు క్రోమ్‌లో ఇరవై సెకన్లు పట్టడం లేదు, ముక్కలు ముక్కలుగా వస్తోంది. ఒక వార్తా సైటు ముఖపేజీ తెరిస్తే బొమ్మలు ఒకచోటి నుంచి, అక్షరాల ఫాంట్లు మరోచోటి నుంచి, ప్రకటనలు పది చోట్ల నుంచి వస్తాయి. ప్రతి చోటా పావు సెకను తడబాటు. విడివిడిగా లెక్కలోకి రానిదే, కలిసేసరికి కంటికి తెలుస్తుంది. సంతకం సాఫ్ట్‌వేర్లు, కొన్ని పాత అకౌంటు ప్రోగ్రాములు ఈ తెలివి నేర్చుకోలేదు. ఒకదాని తర్వాత ఒకటి, వరుసలో నిలబడి ప్రయత్నిస్తాయి.

స్పీడ్ టెస్టు మిమ్మల్ని మోసం చేసింది అనను గానీ, మీరు అడగని ప్రశ్నకు జవాబు చెప్పింది. అది కనెక్షన్ కలిసిన తర్వాత నీళ్లు ఎంత ధారగా వస్తున్నాయో కొలుస్తుంది. కుళాయి తిప్పాక మొదటి చుక్క పడటానికి ఎంతసేపు పట్టిందన్నది ఆ పెద్ద అంకెలో ఉండదు.

ఇక కరెంటు సంగతి. డోన్‌లో ఒక ఆడిటర్ గారి ఆఫీసు. ఆరు కంప్యూటర్లు. రిటర్నుల గడువు దగ్గరపడిన వారంలో అచ్చం మీ ఫిర్యాదే. మొదటిసారి వెళ్లినప్పుడు అంతా బాగుంది, కాఫీ తాగి వచ్చేశాను. రెండు రోజులకు మళ్లీ ఫోను. రెండోసారి వెళ్లినప్పుడు నా అదృష్టం కొద్దీ ఉదయమే కరెంటు పోయి వచ్చింది. ఒక కంప్యూటర్ ముందు కూర్చుని చిరునామాలు చూశాను. ఐపీవీ6 చిరునామాలు రెండు కుటుంబాలవి కనిపించాయి. ఒకదాని పక్కన ఇంకా 29 రోజుల 21 గంటల ఆయుష్షు ఉన్నట్టు రాసి ఉంది. ముప్పై రోజులకు మూడు గంటలు తక్కువ. కరెంటు పోయింది ఎన్నింటికి అని అడిగితే "ఇప్పటికి మూడు గంటలైందండీ" అన్నారు. నాకు అక్కడే వెలిగింది.

జరిగేది ఇది. రూటర్‌కు కనెక్షన్ ఇచ్చినవారి నుంచి చిరునామాలో ముందు భాగం (ప్రిఫిక్స్) వస్తుంది, ఇంటి పేరు లాగా. రూటర్ దాన్ని కంప్యూటర్లకు చాటింపు వేస్తుంది. గడువు విడిగా చెప్పకపోతే ప్రమాణాల్లో ఉన్న పాత లెక్క ప్రకారం అది ముప్పై రోజులు చెల్లుతుంది, అందులో మొదటి ఏడు రోజులు దానికి పూర్తి మర్యాద, అంటే కొత్త పిలుపులకు కంప్యూటర్ దాన్ని నిస్సంకోచంగా వాడుతుంది. కరెంటు పోయి రూటర్ తిరిగి లేస్తే చాలామంది సర్వీసువాళ్లు కొత్త ఇంటి పేరు ఇస్తారు. పాతది ఇక చెల్లదని రూటర్ చాటించాలి. కానీ కరెంటుతో పాటు దాని జ్ఞాపకం కూడా పోయింది, పాత పేరు ఏమిటో దానికే తెలియదు. కంప్యూటర్లు మాత్రం మరిచిపోవు. వైఫై మీద ఉన్నవి సిగ్నల్ పోగానే సాధారణంగా పాత చిరునామాను వదిలేస్తాయి. డోన్ ఆఫీసులో కంప్యూటర్లూ, వాటిని కలిపే స్విచ్చూ యూపీఎస్ మీద ఉన్నాయి. రూటర్ ఒక్కటే గుమ్మం పక్కన, వినాయకుడి పటం కింద, గోడ ప్లగ్గులో ఉంది. స్విచ్చు బతికే ఉంది కాబట్టి కంప్యూటర్‌కు తీగ ఊడినట్టు తెలియలేదు. రూటర్ చచ్చి లేచిందన్న వార్తే చేరలేదు.

తర్వాత ఇల్లు మారిన మనిషి కవరు మీద పాత ఇంటి నంబరే రాసి ఉత్తరం వేసినట్టు. కంప్యూటర్ పాత చిరునామాతో పిలుస్తుంది. సర్వీసువాళ్ల యంత్రం ఇది మన వీధి వాడు కాదని ఆ ప్యాకెట్టును చప్పుడు చేయకుండా పారేయవచ్చు, లేదా జవాబు పాత ఇంటికి వెళ్లి అక్కడే ఆగిపోతుంది. ఎలాగైనా మీకు మిగిలేది నిశ్శబ్దం. రూటర్‌ను యూపీఎస్ మీదకు మార్చాక ఆ ఆఫీసు నుంచి ఈ విషయమై మళ్లీ ఫోను రాలేదు. నా మొదటి ప్రయాణం కాఫీకే చెల్లిపోయింది.

ఈ లోపం గురించి 2021లో ప్రమాణాలు రాసేవారు కూడా పట్టించుకున్నారు. రూటర్లు అంత పొడుగు గడువులు చాటించకూడదని, మర్యాద కాలం 45 నిమిషాలు, చెల్లుబాటు 90 నిమిషాలు దాటకుండా ఉంచమని సూచించారు. మీ రూటర్ సెట్టింగుల్లో ఆ గడువులు మార్చే వీలుంటే 2700, 5400 సెకన్లు అని పెట్టుకోండి. చవక రూటర్లలో ఆ వీలు ఉండకపోవచ్చు.

నా మాట నమ్మే ముందు మీరే పరీక్షించండి. కరెంటు పోయి వచ్చి బాధ మొదలైన సమయంలోనే చేయాలి, బాగున్నప్పుడు చేస్తే నా మొదటి డోన్ ప్రయాణం లాగే ఉంటుంది.

మొదటి పరీక్ష: ఒక్క కంప్యూటర్‌లో నెట్‌వర్క్ కనెక్షన్ ప్రాపర్టీస్ తెరిచి "ఇంటర్నెట్ ప్రోటోకాల్ వెర్షన్ 6" పక్కన టిక్కు తీయండి. సంతకం సాఫ్ట్‌వేర్ నడపండి. ఇరవై సెకన్లు మాయమైతే నేరస్థుడు దొరికినట్టే. టిక్కు మళ్లీ పెట్టేయండి. ఇది రోగ నిర్ధారణ మాత్రమే, మందు కాదు.

రెండోది: కమాండ్ ప్రాంప్టులో ఐపీకాన్ఫిగ్ (ipconfig) అని కొట్టండి. ఎఫ్ఈ80తో మొదలయ్యేది వదిలేయండి, అది గదిలో మాత్రమే పనిచేసే చిరునామా. 2తో మొదలయ్యేవి చూడండి, మన దగ్గర తరచుగా 24తో ఉంటాయి. ఒకటి కంటే ఎక్కువ కనిపిస్తే కంగారు పడవద్దు. గోప్యత కోసం విండోస్ తాత్కాలిక చిరునామాలు కూడా తయారుచేసుకుంటుంది. చూడవలసింది కోలన్ల మధ్య ఉన్న గుంపుల్లో మొదటి నాలుగు. ఒకే కంప్యూటర్‌లో అవి రెండు రకాలుగా ఉంటే, ఒకటి చచ్చిన ఇంటి పేరు అని దాదాపు ఖాయం.

మూడోది: పింగ్ తర్వాత మైనస్ 6 పెట్టి (ping -6) ఏదైనా పెద్ద సైటు పేరు కొట్టండి. తర్వాత మైనస్ 4 పెట్టి అదే సైటు. నాలుగుకు జవాబు వచ్చి ఆరుకు రాకపోతే మీకు అర్థమైపోతుంది.

ఒకవేళ ఆరుకు కూడా జవాబు చక్కగా వస్తూ, పేజీలు మాత్రం తెల్లగా ఆగిపోతుంటే కథ వేరు. ఇది రెండో రకం జబ్బు, మొదటిదానికంటే మోసకారి. ప్రొద్దుటూరులో ఒక నగల దుకాణంలో ఇది నాకు రెండు రోజులు తినేసింది. పింగ్ వస్తుంది, సైటుతో కనెక్షన్ కలుస్తుంది, అక్కడితో ఆగిపోతుంది. బ్రౌజర్ తెలివి కూడా ఇక్కడ సాయపడదు. కనెక్షన్ కలిసింది కదా, ఇక పాత దారి ఎందుకు అనుకుంటుంది.

కారణం ప్యాకెట్ల కొలత. మామూలు తీగ మీద ఒక ప్యాకెట్టు 1500 బైట్ల దాకా ఉండవచ్చు. యూజర్ పేరు, పాస్‌వర్డ్ పెట్టి రూటర్ లాగిన్ అయ్యే పీపీపీఓఈ రకం కనెక్షన్లలో దాని సొంత చీటీకి 8 బైట్లు పోయి 1492 మిగులుతాయి. ఐపీవీ4లో దారిలోని యంత్రం పెద్ద ప్యాకెట్టును, వద్దని రాసి ఉంటే తప్ప, ముక్కలు చేసి పంపగలదు. ఐపీవీ6లో దారిలో ఎవరూ ముక్కలు చేయరు. "పెద్దదైంది, తగ్గించి పంపు" అని పంపినవాడికి ఒక కబురు వేస్తారు, అంతే. ఆ కబురు మోసేది ఐసీఎంపీ. భద్రత పేరుతో ఫైర్‌వాల్‌లో ఐసీఎంపీ మొత్తాన్ని మూసేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కబురు చేరదు, సర్వర్ అదే పెద్ద ప్యాకెట్టును మళ్లీ మళ్లీ పంపుతుంది, అది గుమ్మం దగ్గరే పడిపోతుంది. పింగ్ చిన్నది కాబట్టి దూరిపోతుంది. పేజీ పెద్దది కాబట్టి ఇరుక్కుంటుంది.

మంచి రూటర్లు కనెక్షన్ కలిసేటప్పుడే "నాకు ఇంతకంటే పెద్దవి పంపవద్దు" అని కొలత సరిదిద్దుతాయి. ఐపీవీ6కు అది, 1492లో ప్యాకెట్టు పైచీటీలకు 60 బైట్లు పోగా, 1432 ఉండాలి. ఆ దుకాణం రూటర్ ఐపీవీ4కు ఆ పని చేస్తూ ఐపీవీ6కు చేయడం మరిచింది, కొలత 1440గానే వెళ్తోంది. ఎనిమిది బైట్ల తేడా, రెండు రోజుల నా పని. పరీక్షకు ఒక కంప్యూటర్‌లో ఐపీవీ6 ఎంటీయూను, అంటే ప్యాకెట్టు గరిష్ఠ కొలతను, 1280కి తగ్గించాను, పేజీలు వెంటనే తెరుచుకున్నాయి. ఐపీవీ6 నడిచే ఏ దారైనా 1280 మోయాల్సిందే, అది కనీస కొలత. తర్వాత రూటర్ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ వేస్తే అసలు సమస్యే పోయింది.

మూడో రకం ఇప్పుడు అరుదు. అనంతపురంలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబులో చాలా ఏళ్ల క్రితం చూశాను. అరవై కంప్యూటర్లకూ 2002తో మొదలయ్యే చిరునామాలు వచ్చాయి, రూటర్‌లో చూస్తే ఐపీవీ6 అసలు ఆన్‌లోనే లేదు. ఏదో ఒక కంప్యూటర్‌లో ఇంటర్నెట్ షేరింగ్ ఆన్ చేసి ఉంది. అది తానే రూటర్‌నని ల్యాబంతా చాటింపు వేస్తోంది, మిగిలినవన్నీ నమ్మాయి. స్విచ్చు దగ్గర నిలబడి తీగలు ఒక్కొక్కటే ఊడదీస్తూ పోతే చివరి వరుసలో దొరికింది. పెద్ద ఆఫీసులు, కాలేజీలు స్విచ్చుల్లో దొంగ చాటింపులను అడ్డుకునే ఆర్ఏ గార్డ్ ఆన్ చేసుకోవాలి. మీ నాలుగు కంప్యూటర్లకు ఆ గొడవ లేదు.

మరి ఐపీవీ6ను శాశ్వతంగా తీసేస్తే పోదా అని చాలామంది అడుగుతారు. పోతుంది. కానీ నేను అలా చేయను. చాలామంది సర్వీసువాళ్లు ఐపీవీ4లో ఒకే చిరునామా వెనుక ఎందరో కస్టమర్లను కూర్చోబెడుతున్నారు. మీ రూటర్ బయటి చిరునామా 100.64కూ 100.127కూ మధ్య ఉంటే మీరూ ఆ గుంపులో ఉన్నట్టే. మాటిమాటికీ "మీరు రోబో కాదని నిరూపించండి" అని అడగడానికి అదీ ఒక కారణం. మీకంటూ సొంతంగా ఉన్న చిరునామా ఐపీవీ6దే. మీ ఫోను హాట్‌స్పాట్ బాగా పనిచేస్తోంది అన్నారు కదా, అది జియోదైతే ఒకటి గమనించండి: జియో 2016లో సేవలు మొదలుపెట్టినప్పటి నుంచీ ఐపీవీ6 మీదే ఎక్కువగా ఆధారపడింది. అంటే ఐపీవీ6లో తప్పు లేదు, మీ దుకాణంలో అది అమర్చిన తీరులో ఉంది.

గడువు రోజున తలమీదకు వస్తే మధ్యే మార్గం ఉంది: ఐపీవీ6ను ఉంచుతూనే విండోస్ ముందు ఐపీవీ4ను వాడేలా రిజిస్ట్రీలో "డిజేబుల్డ్ కాంపొనెంట్స్" విలువను హెక్సాలో 20గా పెట్టడం. పూర్తిగా తీసేయడం కంటే ఇదే మేలని మైక్రోసాఫ్ట్ కూడా చెబుతుంది. ఆ విలువ నిండా ఎనిమిది ఎఫ్‌లు పెట్టమని పాత సలహాలు కనిపిస్తాయి, అలా చేయవద్దు. దానివల్ల విండోస్ లేచేటప్పుడు ప్రతిసారీ అయిదు సెకన్ల ఆలస్యం కొత్తగా వచ్చేది. ఒక ఆలస్యం పోగొట్టడానికి ఇంకో ఆలస్యం తెచ్చుకున్నట్టు.

ఈ విషయంలో నేనూ శుద్ధపూసను కాను. ఒక కల్యాణ మండపం వెబ్‌సైటు పెట్టినప్పుడు దానికి ఐపీవీ6 చిరునామా ఇచ్చి, సర్వర్ ఫైర్‌వాల్‌లో ఆ తలుపు తెరవడం మరిచాను. మా ఇంట్లో అప్పుడు ఐపీవీ4 మాత్రమే ఉండటంతో నాకు ఎప్పుడు తెరిచినా చక్కగా వచ్చేది. యజమాని రెండుసార్లు "ఫోనులో ఒక్క క్షణం ఆగుతోందండీ" అంటే మీ ఫోను పాతదని తేల్చేశాను. వారం తర్వాత లాగులు చూసుకుని నేనే ఫోను చేసి ఒప్పుకున్నాను. కాబట్టి ఒక్క సైటే ఎక్కడి నుంచి తెరిచినా ఆగుతుంటే లోపం ఆ సైటు వైపు ఉండవచ్చు, మీ తీగల జోలికి వెళ్లవద్దు.

అలాగే పాత చిరునామా ఒక్కటే ఉన్న సైట్లు కూడా ఆగుతుంటే, టిక్కు తీసినా మార్పు లేకపోతే, ఇది ఐపీవీ6 గొడవ కాదు. అప్పుడు డీఎన్ఎస్ (సైటు పేరును చిరునామాగా మార్చే సేవ), వైఫై రద్దీ, విండోస్ ప్రాక్సీ సెట్టింగుల్లో "ఆటోమేటిక్‌గా గుర్తించు" అన్న టిక్కు, ఈ వరుసలో చూడండి.

రూటర్‌ను యూపీఎస్ మీద పెట్టాక కూడా బాధ ఉంటే కనెక్షన్ ఇచ్చినవారికి ఫోను చేయండి. అయితే "నెట్ స్లోగా ఉంది" అనవద్దు. ఆ మాట వినగానే స్పీడ్ టెస్టు చేయమంటారు, వంద వస్తుంది, ఫిర్యాదు మూసేస్తారు. "ఐపీవీ4 పింగుకు జవాబు వస్తోంది, ఐపీవీ6కు రావడం లేదు, రూటర్ రీస్టార్ట్ అయిన ప్రతిసారీ ఐపీవీ6 ప్రిఫిక్స్ మారుతోంది, నెట్‌వర్క్ బృందానికి పంపండి" అని ఇదే వరుసలో చెప్పండి, రెండు పింగుల ఫొటోలు జతచేయండి. అర్థం కాని మాటను కింది స్థాయిలో ఎవరూ దగ్గర ఉంచుకోరు, పైకి పంపేస్తారు. ప్రిఫిక్స్ మారకుండా ఇవ్వగలరా అని కూడా అడగండి, కొందరు ఇస్తారు.

ముందు మాత్రం దుకాణంలో రూటర్ ప్లగ్గు ఎక్కడుందో చూసి ఇక్కడ రాయండి. యూపీఎస్ మీదే ఉందంటే నా అంచనా తప్పినట్టు, అప్పుడు ఐపీకాన్ఫిగ్ ఫొటో పెడితే ఎంటీయూ సంగతి చూద్దాం. ఫొటోలో చిరునామాల చివరి నాలుగు గుంపులు చెరిపేసి పెట్టండి. నాకు కావలసింది మొదటి నాలుగే.